సిలిండరు గోడ కథ

వరిచేలకు నీరు తోడు చిన్న ఆయిలింజనును ఎరుగని తెలుగు గ్రామము అరుదు. కాలువగట్టు మీద, పాకలో, ఒక సిమెంటు దిమ్మెపై బిగించబడి, తెల్లవారుజామున "టక్‌టక్" మని మ్రోగు ఆ యంత్రముతోనే మాలో పెక్కురకు పొద్దు పొడిచెడిది. విద్యుత్తు మోటార్లు వచ్చిన పిదప ఆ మ్రోత చాలచోట్ల సన్నగిల్లినను పూర్తిగ నిలిచిపోలేదు. ఆ ఇంజను గర్భములో, మన కంటికి కనబడని ఒక గోడ కలదు. దాని చరిత్రయే నేడు మేము చెప్పదలచినది.

ఈ విషయము మా దృష్టికి వచ్చినది పుస్తకములవలన గాదు. ఒక యేడు నాట్లవేళ మా పొలములోని ఇంజను నీలిపొగ చిమ్ముచు నూనె త్రాగసాగెను. పట్టణములోని ఒక వర్కుషాపునకు పంపి క్రొత్త రింగులు వేయించితిమి. ఇంజను తిరిగివచ్చినది, పదిదినములు తిరుగక మునుపే పొగయు తిరిగివచ్చినది. మడులలో నీరు తగ్గుచున్నది, నారు ముదురుచున్నది. అప్పుడు మా ఊరి వృద్ధుడైన మేస్త్రీని పిలిపించితిమి. ఆయన హెడ్డు విప్పి, సిలిండరులోనికి ఎండ పడునట్లు ఒక అద్దపుముక్క పట్టి, చాలసేపు చూచెను. "అద్దంలా మెరుస్తోంది బాబూ. అదే దీని జబ్బు" అనెను. మాకు ఆశ్చర్యమైనది. నునుపుగ నుండుట యంత్రమునకు ఆరోగ్యమని గదా మనము అనుకొందుము! నునుపు రోగమెట్లయినదో తెలిసికొనవలెనన్న, సుమారు మూడువందల యేండ్ల వెనుకకు పోవలెను.

సిలిండరు అనగా గుండ్రని ఇనుపగొట్టము. దానిలో పిస్టను మీదికి క్రిందికి ఆడుచుండును. వేడికి పిస్టను ఉబ్బును గావున, దానికిని గోడకును నడుమ కొంత సందు విడువవలెను. సందు విడిచినచో ఆవిరియో మంటయో ఆ సందునుండి జారిపోవును. సందు మూసినచో పిస్టను పట్టుకొని పోవును. కదలవలెను, కాని కారరాదు. ఇంజను చరిత్రలో సగము ఈ చిక్కును విడదీసిన చరిత్రయే.

1712వ సంవత్సరమున ఇంగ్లండులో డడ్లీ కోట చెంత థామస్ న్యూకోమెన్ అను ఇనుపసామానుల వర్తకుడు గని నీరు తోడుటకు తన ఆవిరియంత్రమును నిలిపెను. దాని సిలిండరు ఇంచుమించు 21 అంగుళముల వ్యాసము గలది. నిమిషమునకు 12 సార్లు మాత్రమే పిస్టను ఆడెడిది. ఆవిరిని లోనికి పంపి, పిదప చన్నీరు చిమ్మి దానిని చల్లార్చగా లోపల శూన్యమేర్పడును. బయటి గాలి బరువు పిస్టనును క్రిందికి త్రోయును. నాడు అంత పెద్ద గొట్టమును సరియైన గుండ్రముగ తొలుచు సాధనమే లేదు. పోతపోసి, లోపలివైపు చేతితో రాచి, రుద్ది, సరిపెట్టుకొనెడివారు. మరి సందు మాటేమి? న్యూకోమెన్ పిస్టను అంచునకు తోలుబిళ్ళ బిగించి, దానిపై నీరు నిలువగట్టెను. గోడ ఎంత వంకరయైనను తోలు వంగును, నీరు నిండును. ఉపాయము చవుకైనది, పనిచేసినది. కొలతలోని తప్పును నీరు కప్పిపుచ్చినది.

మొదట సిలిండరులను ఇత్తడితో పోసిరి. 1720ల నుండి కోల్‌బ్రూక్‌డేల్ కొలుములలో పోత ఇనుముతో పోయుట వాడుకలోనికి వచ్చినది. ధర తగ్గెను, కాని ఇనుము గట్టిది, దానిని చేతితో రాచుట కష్టము. అందుచే తొలుచు యంత్రములు అవసరమైనవి. జాన్ స్మీటన్ అను ప్రసిద్ధ ఇంజనీరు స్కాట్లండులోని కారన్ ఇనుప కర్మాగారమునకు ఇట్టి యంత్రము నొకదానిని రూపొందించెను. పొడవైన కడ్డీ చివర కత్తులు బిగించిన చక్రమొకటి తిరుగుచు సిలిండరును తొలుచుచుండును. కడ్డీ కొన తన బరువునకు క్రిందికి వంగిపోకుండ, సిలిండరు లోపలనే దొర్లు ఒక చిన్న బండి దానిని మోయుచుండెను.

ఇక్కడనే అసలు దోషము దాగియున్నది. ఆ బండి దొర్లునది దేనిపైన? ఇంకను చక్కబడని ఆ పోతగోడపైననే. గోడ మిట్టయైనచోట బండి మిట్టెక్కును, కత్తియు మిట్టెక్కును. గోడ పల్లమైనచోట కత్తియు పల్లమునకు దిగును. రంధ్రము గుండ్రమగును గాని తిన్ననిది కాదు. దారి తెలియనివానిని దారి చూపుమన్నట్లు, వంకరగోడయే కత్తికి దారి చూపినది. న్యూకోమెన్ యంత్రమునకు ఇది చాలును. నీటిపొర తక్కినది చూచుకొనును. స్మీటన్ స్వయముగ ఆ యంత్రములను బాగుచేసి, తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయించిన మేధావి. ఆయన చేతగానితనము కాదు. ఆ కాలపు పనిముట్ల హద్దు అంతవరకే.

ఆ హద్దునకు తగిలి గాయపడినవాడు జేమ్స్ వాట్. 1765లో గ్లాస్గోలో ఆయనకు గొప్ప ఆలోచన తోచినది. ఒకే సిలిండరును వేడిచేయుట, చల్లార్చుట, మరల వేడిచేయుట వలననే కదా బొగ్గంతయు వ్యర్థమగుచున్నది; ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చి సిలిండరును ఎల్లప్పుడు వేడిగనే యుంచినచో? 1769లో దీనికి పేటెంటు పొందెను. కాని సిలిండరు వేడిగ నుండవలెనన్న పిస్టనుపై నీరు నిలుపరాదు. నీరు గోడను చల్లార్చును. అనగా, అరువది యేండ్లుగ తప్పులను కప్పుచు వచ్చిన ఆ నీటిపొరను వాట్ చేతులార తీసివేసెను. అది తీసిన తక్షణమే గోడలోని ప్రతి వంకరయు బయటపడినది.

కిన్నీల్ అను చోట నిలిపిన ప్రయోగపు ఇంజనుకు 18 అంగుళముల తగరపు సిలిండరు అమర్చిరి. అది గుండ్రముగ లేదు. ఆవిరి బుసబుసమని కారిపోయినది. వాట్ ఆ సందులో బెండు కుక్కెను; నూనె గుడ్డలు కుక్కెను; అట్టలు, ప్రాత టోపీల ఉన్ని, కడకు గుఱ్ఱపులద్దె గూడ కుక్కి చూచెను. ఏదియు నిలువలేదు. ఈ ఇంజను చేయుటకు తగిన పనిముట్లుగాని పనివాండ్రుగాని లేరని స్మీటన్ అభిప్రాయపడినట్లు చెప్పుదురు. అది అసూయతో అన్నమాట కాదు. కారన్‌లో తన కత్తి వంకరగోడను అనుసరించుట చూచినవాడు అన్నమాట.

ఈ నడుమ వాట్ కాలువల సర్వేలు చేయుచు కుటుంబమును పోషించుకొనెను. ఆయన ప్రయోగములకు ధనమిచ్చిన జాన్ రోబక్ 1773లో దివాలా తీసెను. ఆ సంవత్సరమే వాట్ భార్య మార్గరెట్ మరణించెను. రోబక్ తనకు పేటెంటులో గల మూడింట రెండు వంతుల భాగమును, తీర్చలేని 1200 పౌనుల బాకీక్రింద బర్మింగుహాము వర్తకుడు మాథ్యూ బోల్టనుకు వదలుకొనెను. ఆలోచన తోచి ఎనిమిదేండ్లు గడచినవి; ఒక్క ఇంజనైనను అమ్ముడుపోలేదు. శాస్త్రము తప్పు కాదు, లెక్క తప్పు కాదు. ఒక గోడ తిన్నగ లేకపోవుటయే అంతటికిని కారణము.

ఆ గోడను తిన్నన చేసినది ఫిరంగులు పోసిన చేయి. జాన్ విల్కిన్సన్ వేల్సులోని బెర్షాము కొలిమికి యజమాని. ఫిరంగులను బోలుగ పోయక, ఘనముగ పోసి పిదప తొలుచు పద్ధతికి 1774లో ఆయన పేటెంటు పొందెను. ఆ పద్ధతిలో తిరుగునది ఫిరంగి. కత్తి మాత్రము కదలక నిలిచి ముందుకు సాగును. ఆ హక్కు తన కొక్కనికే చెందుట ప్రభుత్వమునకు నచ్చక, 1779లో ఆ పేటెంటు రద్దయినది. సిలిండరు తొలుచుటకు మాత్రము విల్కిన్సన్ వేరొక యంత్రము చేసెను. ఫిరంగి ఒకవైపు మూసియుండును. సిలిండరు రెండువైపుల తెరచియుండును. ఆ తేడాను ఆయన గ్రహించెను. 1775 ప్రాంతమున ఆయన నిర్మించిన యంత్రములో బలమైన కడ్డీ సిలిండరు గుండ పూర్తిగ దూరి, రెండుచివరలను బయటి దిమ్మెలపై నిలుచును. కత్తి ఆ కడ్డీ వెంబడి నడచును. ఇప్పుడు కత్తికి దారి చూపునది గోడ కాదు, కడ్డీ. గోడ ఎంత వంకరయైనను కత్తి తన దారి వదలదు.

1776లో టిప్టను చెంత బ్లూమ్‌ఫీల్డు బొగ్గుగనిలో నిలిపిన ఇంజనుకు విల్కిన్సన్ 50 అంగుళముల సిలిండరు తొలిచి యిచ్చెను. ఆ గోడ ఎక్కడను ఒక ప్రాత షిల్లింగు నాణెపు మందమంతయైనను తప్పలేదని బోల్టను ఉత్తరములో సంతోషముతో వ్రాసెను. షిల్లింగు మందము సుమారొక మిల్లీమీటరు. నేటి చిన్న ఇంజనులో మిల్లీమీటరులో నూరవవంతుల లెక్క చూతురు గావున ఇది మనకు నవ్వు పుట్టించవచ్చును. కాని ఆ ఒక్క మిల్లీమీటరే పదునొకండేండ్లు కదలని ఇంజనును కదలించినది. తరువాత ఇంచుమించు ఇరువదియేండ్లు బోల్టను, వాట్‌ల సిలిండరులు చాలవరకు విల్కిన్సన్ వద్దనే తొలువబడినవి. ఆయన స్వంత కొలిమికి గాలి ఊదుటకు వాట్ ఇంజనునే నిలుపుకొనెను. ఒకరి యంత్రము లేక రెండవవారి యంత్రము లేదు.

గోడ తిన్ననైన తరువాత వంతు పిస్టనుది. వాట్ కాలమున పిస్టను చుట్టు జనపనార చుట్టి, జంతువుల కొవ్వు పట్టించెడివారు. నార అరుగును, కాలును, మాటిమాటికి మార్చవలెను. 1797లో ఎడ్మండు కార్ట్‌రైట్ లోహపుముక్కలతో పిస్టను చుట్టును కప్పు పద్ధతికి పేటెంటు పొందెను. మగ్గపు యంత్రమును కనిపెట్టిన కార్ట్‌రైటే ఇతడు. కడపటి ఉపాయము 1850లలో జాన్ రామ్స్‌బాటమ్ అను రైల్వే ఇంజనీరునకు దక్కినది. సిలిండరుకంటె కొంచెము పెద్దదైన లోహపు ఉంగరమును ఒకచోట కోసి, నొక్కి, పిస్టను గాడిలో కూర్చుండబెట్టెను. విడిచినప్పుడు ఆ ఉంగరము తన సాగుదలచేతనే గోడకు ఆనుకొనును. గోడ అరిగినకొలది తానును విచ్చుకొనును. నేడు మన మెకానిక్కులు "రింగు" అనునది ఇదియే.

పిదప మంట ఇంజను లోపలికే వచ్చినది. 1876లో జర్మనీలో నికొలౌస్ ఆటో నాలుగు ఆటల ఇంజను నడిపెను. 1893లో రుడాల్ఫ్ డీజిలు ఆగ్స్‌బర్గులో తన మొదటి ఇంజనును పరీక్షించెను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని బిగించి నొక్కుటచే పుట్టు వేడియే చమురును అంటించును. రింగుల ప్రక్కనుండి గాలి జారెనా, వేడి పుట్టదు. వేడి పుట్టనిచో ఇంజను అంటుకొనదు. నాలుగేండ్లు శ్రమపడిన పిదప, 1897 పరీక్షలో 250 మిల్లీమీటర్ల సిలిండరు గల ఇంజను చమురులోని శక్తిలో నూటికి 26 వంతులకు పైగ పనిగ మార్చినది. ఆవిరియంత్రములేవియు నాటికి అంత సాధింపలేదు. చలికాలపు ఉదయమున హ్యాండిలు త్రిప్పి త్రిప్పి అలసిన రైతు ఎదుర్కొనునది ఆగ్స్‌బర్గులో డీజిలు ఎదుర్కొన్న చిక్కునే.

ఇప్పుడు ఒక లెక్క చూతము. మన పొలములలో పేరొందిన 80 మిల్లీమీటర్ల బోరు, 110 మిల్లీమీటర్ల స్ట్రోకు గల 5 గుఱ్ఱపుశక్తి డీజిలు ఇంజను నిమిషమునకు 1500 చుట్లు తిరుగును. అనగా పిస్టను సెకనుకు 50 సార్లు గోడను ప్రాకును. ఇది సెకనుకు 5.5 మీటర్లు, గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. ఒక రాత్రి పది గంటలు నీరు తోడినచో, ఆ రింగు జానెడు లేని గోడపై 200 కిలోమీటర్లు రాచుకొనుచు పోయినట్లు. ఇనుము ఇనుముపై ఇంతదూరము పోయియు మాడిపోవుట లేదన్న, నడుమ ఒక సన్నని నూనెపొర నిలిచియుండుటయే కారణము.

ఆ నూనెను నిలుపునదెవరు? ఇచ్చటనే కథ మలుపు తిరుగును. ఇరువదవ శతాబ్దమున గోడను నునుపు చేయు సాధనములు త్వరత్వరగ వచ్చినవి. 1891లో అమెరికాలో ఎడ్వర్డు ఆచిసన్ బంకమట్టిని, బొగ్గును విద్యుత్కొలిమిలో కాల్చి, వజ్రమునకు దగ్గరగు గట్టిదనము గల కార్బొరండము అను పదార్థమును చేసెను. 1905లో జేమ్స్ హీల్డు సిలిండరుల లోపలివైపు సానచక్రముతో రాచు యంత్రమును నిర్మించెను. 1920లలో మోటారుబండ్ల కర్మాగారములలో హోనింగు వ్యాపించినది. "హోను" అనగా కత్తిని నూరు సానరాయి. మంగలి కత్తి నూరునట్లే, సన్నని సానరాతి బద్దలను మూడింటినో నాలుగింటినో ఒక కడ్డీకి అమర్చి, స్ప్రింగుతోగాని మరతోగాని గోడకు ఆనించి, త్రిప్పుచు మీదికి క్రిందికి ఆడింతురు.

హోను వదలిన గోడ అద్దము కాదు. త్రిప్పుటయు, ఎత్తి దించుటయు ఒక్కసారి జరుగుటచే సానరాయి ఏటవాలుగ గీతలు గీయును. పోవునప్పటి గీతలు, వచ్చునప్పటి గీతలు ఒకదాని నొకటి ఖండించును. చాపనేతవలె అల్లుకొన్న ఆ సన్నని గీతల గోడయే, అద్దమువంటి గోడకంటె మేలుగ పనిచేయుచున్నదని అనుభవముచే తెలిసినది. కారణము సులభము. గాజుపలకపై నూనె వేసి గుడ్డతో తుడిచిన ఏమియు మిగులదు. సన్నికల్లుపై వేసి తుడిచినచో గంటులలో నిలుచును. రింగు ప్రతి ఆటలోను గోడను తుడుచుచునే యుండును. గీతలు లేనిచో నూనె నిలుచుటకు తావు లేదు. అంతేగాక, క్రొత్త రింగునకును గోడకును మొదట పొందిక కుదిరియుండదు. గీతల అంచులు ఆకురాయివలె రింగును కొంచెము రాచి, తమ గుండ్రమునకు ఒదిగించును. గోడ అప్పటికే నూనెమాడుతో గాజువలె గట్టిపడి యున్నచో ఆ రాపిడి జరుగదు. రింగు పైపైన జారిపోవును. మంట క్రిందికి, నూనె మీదికి దారి చేసికొనును. మా ఇంజను జబ్బు ఇదియే.

పండితులును ఈ మాటను ధ్రువపరచిరి. 1902లో జర్మనీలో రిఛర్డు స్ట్రిబెక్ వేగమునుబట్టి నూనెపొర ఎట్లు ఏర్పడునో, ఎట్లు తెగునో కొలిచి చూపెను. పిస్టను నడుమభాగమున వేగముగ పోవునప్పుడు రింగు నూనెపై తేలును. రెండు కొనలయందును క్షణమాత్రము ఆగి వెనుదిరుగునప్పుడు పొర తెగును. పైకొనయందు మంట వేడియు, ఒత్తిడియు గూడ హెచ్చు. అందుచేతనే సిలిండరు పైభాగమున ఎక్కువ అరుగును. 1933లో మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆబట్, ఫైర్‌స్టోనులు ఒక ఉపరితలములో ఎంతభాగము మిట్టయో, ఎంత పల్లమో లెక్కించు రేఖను ప్రతిపాదించిరి. ఆ చూపుతో చూచినచో ఉత్తమమైన సిలిండరు గోడ కొండల వరుస కాదు, లోయలు గల పీఠభూమి. రింగు నడచుటకు పైన చదును, నూనె నిలుచుటకు లోపల లోయ. అందుకై మొదట ముతకరాతితో గీతలు వేసి, పిదప మెత్తనిరాతితో వాని కొనలు మాత్రము త్రుంచు పద్ధతి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున గోడకు క్రోమియము పూసిన వారికిని ఇదే పాఠము ఎదురైనది. నునుపైన క్రోమియముపై నూనె నిలువక, దానికి బుద్ధిపూర్వకముగ సన్నని రంధ్రములు కల్పింపవలసి వచ్చెను.

చిన్న ఇంజను బాగుచేయువారు ఈ చరిత్రనుండి గ్రహింపవలసినవి కొన్ని కలవు. మొదటిది, కొలుచుట. గోడను పైన, నడుమ, క్రింద, రెండు దిక్కులను కొలిచి, ఎంత అరిగినదో, ఎంత అండాకృతి దాల్చినదో తెలిసికొనవలెను. పైరింగు చేరని చోట మిగిలిన గట్టును తీసివేయవలెను. లేనిచో క్రొత్త రింగు దానికి తగిలి విరుగును. రెండవది, హోను హద్దు తెలియుట. స్ప్రింగుతో విచ్చుకొను చిన్న హోను స్మీటన్ బండివంటిది. గోడ యెటు పోయిన తానటు పోవును. అది గీతలు వేయును గాని వంకర తీర్పదు. గోడ హద్దు మీరి అరిగినచో విల్కిన్సన్ మార్గమే శరణ్యము. లేతు షాపునకు పంపి రీబోరు చేయించి, పెద్ద సైజు పిస్టను వేయవలెను. లేదా లైనరు మార్పింపవలెను. అరిగిన గోడకు హోను పట్టి పని ముగిసినదనుట రైతును మోసగించుటయే.

మూడవది, గీతల వాలు. పైని చెప్పిన 80 మిల్లీమీటర్ల సిలిండరులో హోనును నిమిషమునకు 150 చుట్లు త్రిప్పుచు, 150 మిల్లీమీటర్ల పొడవున నిమిషమునకు సుమారు 50 సార్లు ఎత్తి దించినచో గీతలు ఇంచుమించు 45 డిగ్రీల కోణమున ఖండించుకొనును. చేయి నెమ్మదించినచో గీతలు అడ్డముగ పరచుకొని రింగునకు మెట్లవలె తగులును. చేయి మరీ తొందరించినచో గీతలు నిలువై నూనె క్రిందికి జారిపోవును. ఎడతెగక నూనె పోయుచుండవలెను. చాలువరకు మాత్రమే రాచవలెను. రాచిన ఇనుము మరల రాదు. నికెలు మొదలగు గట్టిపూతలు గల సిలిండరులకు ఈ సాధారణపు సానరాయి తగదు.

నాలుగవది, కడుగుట. అన్నిటికంటె ముఖ్యమైనదియు, అన్నిటికంటె నిర్లక్ష్యము చేయబడునదియు ఇదియే. హోను వదలిన రాతిపొడి గీతలలో కూరుకొని యుండును. కిరసనాయిలుతోనో పెట్రోలుతోనో తుడిచినచో అది ఇంకను లోనికి దిగునేగాని పోదు. వేడినీరు, సబ్బు, కుచ్చుబ్రష్షు కావలెను. తెల్లగుడ్డతో తుడిచినప్పుడు బూడిదరంగు అంటనంతవరకు కడిగి, వెంటనే ఆరబెట్టి, త్రుప్పు పట్టకముందే నూనె రాయవలెను. ఆ పొడి మిగిలినచో క్రొత్త రింగులనే హోను వలె అరగదీయును. ఐదవది, రింగు మూతుల నడుమ సందు. రింగును ఒక్కటిగ సిలిండరులో దించి, పిస్టనుతో తిన్నగ నెట్టి, ఫీలరు గేజీతో చూడవలెను. 80 మిల్లీమీటర్ల బోరునకు సాధారణముగ 0.25 నుండి 0.30 మిల్లీమీటరు వరకు ఉండును. తయారుచేసినవారి పుస్తకమున వేరుగ నున్నచో దానినే పాటింపవలెను. బిగించిన పిదప ఇంజనును ఉత్తగ గంటలకొలది తిప్పుట మంచిది కాదు. మంట ఒత్తిడియే రింగును గోడకు అదుమును గావున, మొదటి గంటలలోనే తగుమాత్రము బరువు మోయించవలెను. లేనిచో గోడ మరల అద్దమగును.

మన దేశమున ఈ విద్య బడులలో కంటె పాకలలోనే ఎక్కువగ నేర్వబడినది. ఇంగ్లండులో 1930 ప్రాంతమున వెలువడిన లిస్టరు సంస్థవారి 5 గుఱ్ఱపుశక్తి ఇంజను, నాలుగున్నర అంగుళముల బోరుతో నిమిషమునకు 600 చుట్లు మాత్రమే తిరుగుచు, దేశదేశముల పల్లెలకు చేరినది. దాని నమూనాలు తరువాత రాజకోటలో విరివిగ తయారైనవి. 1946లో పూనాలో కిర్లోస్కరు ఆయిలింజనుల సంస్థ ఏర్పడినది. ఇంజనులు వచ్చినచోటికి మేస్త్రీలును వచ్చిరి. వాట్ పేరు, విల్కిన్సన్ పేరు వారిలో పెక్కురు వినియుండరు. కాని వంకరగోడకు ఏమి కావలెనో, మెరయు గోడకు ఏమి కావలెనో వారి వ్రేళ్ళకు తెలియును.

మా మేస్త్రీ ఆ దినమున వేరు ఏమియు మార్చలేదు. గోడ కొలిచి, హద్దులోనే యున్నదని చెప్పి, చేతిడ్రిల్లుకు సానబద్దలు బిగించి, ఇరువది ముప్పది సార్లు ఆడించెను. మా యింటి పొయ్యిపై కాచిన నీళ్ళతో సిలిండరును మూడుమార్లు కడిగెను. నాలుగవమారు తెల్లగుడ్డ తెల్లగనే వచ్చినది. ఆ రింగులనే మరల వేసెను. సాయంకాలమునకు కాలువనీరు మడిలోనికి పారినది. మొదట కొంత పొగ వచ్చి, రెండుమూడు గంటలలో తగ్గిపోయినది. కూలి ఎంతయని అడిగిన, ఒకపూట కూలి మాత్రమే పుచ్చుకొనెను. మొదటి వర్కుషాపునకు మేమిచ్చినది దానికి పదిరెట్లు.

నునుపు చేయుటకు మానవుడు రెండువందల యేండ్లు పాటుపడెను. తిన్నదనము సాధించిన పిదప గాని, గోడకు గీత ఎందుకు కావలెనో ఆయనకు తెలియలేదు. వంకరయు గీతయు ఒకటి కావు: వంకర అజ్ఞానమువలన కలిగినది, గీత తెలిసి పెట్టినది. ఈ రెంటికిని గల భేదము నెరిగినవాడే మంచి పనివాడు. మీ యింటి ఇంజను ఎప్పుడైన నీలిపొగ చిమ్మినచో, రింగులకు డబ్బిచ్చుటకు ముందు ఆ గోడను ఒక్కమారు వెలుతురులో చూపుమని అడుగుడు. అది మెరయుచున్నదా, గీతలతో మసకగ నున్నదా అనునది మీ కన్నే చెప్పగలదు.